కుండపెంకు చదవడం – 3వ పాఠం: మెడ కింద మీగడ గీత

పోయిన పాఠంలో పెంకుల్ని అంచు, మెడ, పొట్ట, అడుగు అని వేరు చేశాం. అది ఎందుకో ఈసారి తెలుస్తుంది.

మా కోనసీమలో దాలి మీద పాలు కాచే ఇళ్లు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. పిడకల సెగకి పాలు పొద్దల్లా కాగి ఎర్రబడతాయి, పైన మందంగా మీగడ కడుతుంది. మా అమ్మమ్మ ఆ కుండని కొబ్బరి పీచుతో ఎంత తోమినా మెడ కింద ఒక గోధుమరంగు గీత పోయేది కాదు. కొవ్వు పైకి తేలుతుంది కదా, మట్టి అక్కడే ఎక్కువ తాగుతుంది. పాతరాతియుగం దాటి వ్యవసాయం మొదలుపెట్టినవాళ్లు వండిన కుండల్లోనూ ఇదే సూత్రం. అందుకే ముందు అంచు, మెడ పెంకులు ఏరుకోవాలి.

ఇలా ఇంకిన కొవ్వు వేల ఏళ్లు నిలుస్తుంది. బ్రిటన్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రవేత్త రిచర్డ్ ఎవర్‌షెడ్ బృందం 2,200కు పైగా పెంకుల్ని పరీక్షించి, ఇప్పటి టర్కీ వాయవ్య ప్రాంతంలో క్రీ.పూ. 7వ సహస్రాబ్దిలోనే పాలు వాడారని 2008లో చూపింది.

అవి పాలేనని, మాంసం కొవ్వు కాదని ఎలా చెప్పారు? ఇక్కడ టెన్షన్ పడకుండా నిదానంగా చదవండి. పాలకే ప్రత్యేకమైన చిన్న కొవ్వు ఆమ్లాలు కాలక్రమంలో నీటికి కొట్టుకుపోతాయి. మిగిలే పామిటిక్, స్టియరిక్ ఆమ్లాలు మాంసంలోనూ ఉంటాయి. అయితే ఆవు పొదుగు స్టియరిక్ ఆమ్లాన్ని సొంతంగా తయారుచేసుకోలేదు, మేతలోని కొవ్వు నుంచి వచ్చినదాన్నే తీసుకుంటుంది. ఆ కొవ్వులో కార్బన్-13 (మామూలు కార్బన్ కంటే కాస్త బరువైన రకం) తక్కువ. కాబట్టి పామిటిక్ కంటే స్టియరిక్‌లో కార్బన్-13 విలువ వెయ్యింటికి 3కి మించి తగ్గితే, ఆ కుండలో పాలు కాగాయన్నమాట. ఇంత చక్కని ఆధారం మన ఆవు పొదుగులో ఉందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

పరీక్షకి పంపే పెంకుని వేళ్లతో రుద్దకూడదు, వేలి జిడ్డూ కొవ్వే. ప్లాస్టిక్ కవర్లోనూ వేయొద్దు, అందులోని రసాయనాలు అంటుకుంటాయి. అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టాలి. పైపొర గీకేసి, లోపలి మట్టి రెండు గ్రాములు పొడి చేస్తే చాలు.

ఇంట్లో సాధన: పగిలిన పాలకుండ మెడ పెంకు, మంచినీళ్ల కుండ పెంకు పక్కపక్కన పెట్టి, లోపలివైపు ఒక్కో నీటి చుక్క వేయండి. ఏ చుక్క ఎన్ని సెకన్లలో ఇంకిందో రాసుకోండి. పొలం గట్టున దొరికే పాత పెంకులతో మాత్రం ఈ పని చేయొద్దు, వాటిని కదపకుండా పురావస్తు శాఖకి చెప్పండి.

వచ్చే పాఠం కొబ్బరి నూనె తాగిన పెంకు గురించి. పాత నూనె కుండ ముక్క ఏదైనా ఉంటే పక్కన పెట్టుకోండి.