తుపాను వేళ అడ్‌హాక్ నెట్‌వర్క్‌లో దారులు తెగకుండా చూడటం ఎలా?

2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను, సరిహద్దుకు ఇవతల ఒడిశాలోని మన గజపతి జిల్లాలోనూ కరెంటును, ఫోన్లను స్తంభింపజేసింది. అలాంటప్పుడు పర్లాకిమిడి చుట్టుపక్కల తిరిగే సహాయ బృందాలకు, టవరుతో పని లేకుండా ఒక వైఫై పరికరం నుంచి మరొకదానికి సందేశాన్ని చేరవేసే మొబైల్ అడ్‌హాక్ నెట్‌వర్క్ అక్కరకు వస్తుంది. సందేశం ఏ పరికరాల గుండా పోవాలో దారులు ముందే లెక్కగట్టి ఉంచే, 2003లో వెలువడిన ఓఎల్‌ఎస్‌ఆర్ ప్రోటోకాల్‌తో దాన్ని నడిపేవారు కింది పనులు వానాకాలానికి ముందే పూర్తి చేసుకోవాలి.

మొదట దారిని ఎంచుకునే పద్ధతిని మార్చండి. ఓఎల్‌ఎస్‌ఆర్ మూలరూపం తక్కువ అంచెలున్న దారినే ఎంచుకుంటుంది కాబట్టి, కొండవాలున అంతంతమాత్రంగా అందే పొడవాటి లింకుకే మొగ్గు చూపుతుంది. దానికి బదులు, ఒక ప్యాకెట్ (సందేశపు తునక) చేరడానికి సగటున ఎన్నిసార్లు పంపాల్సి వస్తుందో చెప్పే ఈటీఎక్స్ కొలమానాన్ని పెట్టండి. పోకలో అందిన ప్యాకెట్ల వంతును రాకలో అందిన వంతుతో గుణించి, ఒకటిని ఆ లబ్ధంతో భాగిస్తే ఈ విలువ వస్తుంది. నేరుగా ఉన్న లింకులో పోకకు 0.6, రాకకు 0.5 ఉంటే విలువ 3.33. మధ్యలో ఒక డాబాపై పరికరం పెట్టగా రెండు లింకుల్లోనూ ఇరువైపులా 0.95 వస్తే ఒక్కో లింకుకు 1.11 చొప్పున మొత్తం 2.22 మాత్రమే, అంచె పెరిగినా ఇదే మేలైన దారి. పింగ్ (అవతలి పరికరం బదులిస్తుందో లేదో చూసే పరీక్ష) ఒక్కటే చూసి లింకు బాగుందని నమ్మకండి, ఎందుకంటే అందని ప్యాకెట్‌ను వైఫై తనంతట తానే మళ్లీ పంపి నష్టాన్ని కనబడనివ్వదు.

తరువాత, ఇతరుల సందేశాలను ముందుకు పంపడానికి పరికరం ఎంత సిద్ధంగా ఉందో చెప్పే విల్లింగ్‌నెస్ విలువలు సరిచేయండి. ఇది 0 నుంచి 7 వరకు ఉంటుంది, మామూలుగా 3. పెద్ద బ్యాటరీతో డాబాపై స్థిరంగా ఉన్న పరికరానికి 7, మనుషులు చేతపట్టుకు తిరిగేవాటికి 1 ఇవ్వండి.

పక్క పరికరాలు ఇంకా అందుతున్నాయో లేదో తెలుసుకోవడానికి పంపే హలో సందేశాల వ్యవధి విషయంలో జాగ్రత్త అవసరం. రెండు సెకన్లకొకటి పంపి, ఆరు సెకన్లు ఎదురుచూసినా అందకపోతే లింకు తెగిందనుకోవడం మామూలు అమరిక. ఆలోగా గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోయే బైకు 60 మీటర్లు దాటిపోతుంది. బైకులున్న చోట వ్యవధిని ఒక సెకనుకు, నిరీక్షణను మూడు సెకన్లకు తగ్గించండి. పరికరాలు కిక్కిరిసిన శిబిరంలో మాత్రం తగ్గించవద్దు, ఆ సందేశాలే గాలిని నింపేస్తాయి.

ఎంపీఆర్ అంటే సందేశాలను ముందుకు పంపడానికి ఎంచుకున్న మధ్యవర్తి పరికరం. ఎంపీఆర్ కవరేజీని 1 నుంచి 2కు పెంచితే, వీలున్న చోట రెండంచెల దూరంలోని పరికరాన్ని చేరడానికి ఇద్దరు మధ్యవర్తులు ఉంటారు.

చివరగా, సందేశాలు నడుస్తుండగానే డాబాపై పరికరాన్ని ఆపి, అవి మళ్లీ మొదలయ్యేదాకా సెకన్లు లెక్కపెట్టండి. అసలు మొదలు కాకపోతే అక్కడ రెండో దారి లేదని అర్థం. ఇంకో ఎత్తైన డాబా వెతకవలసిందే.