టెలిస్కోపు వణుకు ఎలా ఆగింది

కడపలో మా మేడ మీద ఎనిమిది అంగుళాల టెలిస్కోపు పెట్టుకున్నాను. 200 రెట్లు పెంచి శని వలయాలు చూస్తుంటే, పక్కన ఎవరు నడిచినా బొమ్మ ఊగిపోయేది. అడుగు పడినప్పుడల్లా స్లాబు కాస్త వంగుతుంది. కంటికి ఆనని ఆ వంపును టెలిస్కోపు 200 రెట్లు చేసి చూపిస్తుంది.

అందుకే పెరట్లోకి మార్చాను. గట్టి నేల తగిలేదాకా తవ్వించి, వెడల్పాటి పునాది మీద అడుగు వ్యాసమున్న కాంక్రీటు స్తంభం పోయించాను. లావు దగ్గర పొదుపు చేయకండి. నిండు స్తంభం వ్యాసం రెట్టింపైతే దృఢత్వం 16 రెట్లవుతుంది. ఎత్తు రెట్టింపైతే అదే తోపుకు 8 రెట్లు వంగుతుంది. పొట్టిగా, లావుగా ఉండటమే మేలు.

చుట్టూ కడప బండలు పరిపించాను. అసలు కిటుకు ఇక్కడే ఉంది: స్తంభానికీ బండలకీ మధ్య అంగుళం సందు ఉండాలి. పెద్ద వేధశాలల్లోనూ టెలిస్కోపు స్తంభాన్ని భవనానికి తగలనివ్వరు. మా మేస్త్రీ మాత్రం ఆ సందును సిమెంటుతో నున్నగా పూడ్చేశాడు.

"సందు వదిలితే నీళ్లు దిగుతాయి కదా సార్!"

"దిగనీ మేస్త్రీ, అదురు మాత్రం ఎక్కకూడదు."

సన్న ఉలితో అంతా చెక్కించి, మెత్తటి స్పాంజి పట్టీ దూర్చాం. స్తంభం మీద గిన్నెడు నీళ్లు పెట్టి, బండల మీద మేస్త్రీని గట్టిగా నడవమన్నాను. నీళ్లలో బల్బు ప్రతిబింబం చెదరలేదు. ఆ తర్వాతే ధ్రువ అక్షాన్ని, అంటే నక్షత్రాల వెంట టెలిస్కోపు తిరిగే ఇరుసును, కడప అక్షాంశానికి తగ్గట్టు నేలమట్టం నుంచి సుమారు 14.5 డిగ్రీలు పైకెత్తి బోల్టులు బిగించాను.