తక్కువ ధరలో తోటకీ, పిక్నిక్‌కీ పనికొచ్చే కత్తి ఎంచుకోవడం ఎలా?

మూడు నాలుగు వందల కత్తి అనగానే చాలామంది "అదేం తెగుతుందిలే" అని తీసిపారేస్తారు. నేను ఒప్పుకోను. కత్తికి మనం ఇచ్చే డబ్బు మూడింటికి పోతుంది: ఇనుముకి, దాన్ని కాల్చి గట్టిపరిచిన పనికి, పైపై హంగులకి. చవక కత్తుల్లో ఎక్కువ భాగం పాడయ్యేది ఆ మూడోదానికి డబ్బంతా ఊడ్చిపెట్టి రెండోదానికి ఏమీ మిగల్చకపోవడం వల్లే. హంగు లేనిదాన్ని వెతికి పట్టుకుంటే శ్రీకాకుళం, విజయనగరం లాంటి చోట కూడా తక్కువ డబ్బుకే ఏళ్ల తరబడి ఉండే కత్తి దొరుకుతుంది.

ముందు పని ఏంటో తేల్చుకోండి

ఉద్దానంలో కొబ్బరి బొండాం కొట్టడానికి కావాల్సింది బరువున్న పెద్ద కత్తి, దానికి ఇంకేదీ సాటి రాదు. కార్తీకమాసం వనభోజనాలకో, చెరువు గట్టున చేపలు పట్టడానికో, తోటలో తాడు కోసి, చిన్న కొమ్మ చెక్కి, రెండు ఉల్లిపాయలు తరగడానికో అయితే నాలుగు అంగుళాల అలుగు (పిడి పోగా మిగిలిన కోసే భాగం) చాలు. ఈ రెండు పనులూ ఒకే కత్తితో అయిపోవాలని చూసేవాళ్లే ఎనిమిది అంగుళాల "సర్వైవల్" కత్తి కొని, చివరికి దానితో టమాటా కూడా సరిగ్గా కొయ్యలేక మూల పడేస్తారు. ఇక్కడ నేను చెప్పేది ఎక్కువగా ఆ నాలుగంగుళాల చిన్న కత్తి గురించే.

ఎక్కడ కొనాలి?

మూడు దారులున్నాయి. సంతలోనో ఊళ్లోనో కొలిమి పెట్టుకున్న కమ్మరి దగ్గర, టౌన్‌లో పనిముట్లు అమ్మే షాపులో, లేదా ఆన్‌లైన్లో.

నా ఓటు కమ్మరికే. వాళ్లు చాలాచోట్ల పాత లారీల స్ప్రింగ్ పట్టీలు కొట్టి కత్తులు చేస్తారు. ఆ పట్టీ ఇనుములో కార్బన్ సుమారు 0.5 నుంచి 0.6 శాతం వరకు ఉంటుంది, అందుకే ఎర్రగా కాల్చి నూనెలోనో నీళ్లలోనో ముంచితే గట్టిపడుతుంది. మామూలు ఇనప రేకులో కార్బన్ 0.2 శాతం దగ్గరే ఆగిపోతుంది కాబట్టి దాన్ని ఎంత కాల్చి ముంచినా పదును నిలిచేంత గట్టితనం రాదు. మీరు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, "ఇది పట్టీతో చేసిందా, రేకుతో చేసిందా?" అని. మంచి పనివాడైతే "లారీ పట్టీయే బాబూ, రేకు కాదు, ఏటనుకున్నావు" అని కాస్త కోపంగానే చెబుతాడు. ఆ కోపం మంచి గుర్తు. పాత పట్టీల్లో వెంట్రుకంత సన్నటి పగుళ్లు ఉండే అవకాశం ఉంది, అందుకని అలుగుని ఎండకి అడ్డంగా పెట్టి రెండు వైపులా ఓసారి చూసుకోండి.

ఆన్‌లైన్లో అయితే ఈ తరహా కత్తులకి కొలబద్దలుగా చెప్పుకునే పేర్లు రెండున్నాయి. స్వీడన్‌లోని మోరా కత్తులు, ఫ్రాన్స్‌లో 1890 నుంచి చేస్తున్న ఒపినెల్ మడత కత్తులు. వాటి దేశాల్లో అవి పనివాళ్లు వాడే చవక కత్తులే, ఇక్కడికి వచ్చేసరికి ధర పెరుగుతుంది. మీరు కొనకపోయినా వాటి కొలతలు గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే మిగతావాటిని పోల్చి చూడటానికి అవి బాగా పనికొస్తాయి. మోరా కంపానియన్ అలుగు 10 సెంటీమీటర్ల పైచిలుకు, మందం దాదాపు 2.5 మిల్లీమీటర్లు. 8వ నంబరు ఒపినెల్ అలుగు 8.5 సెంటీమీటర్లు, మందం రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. అంటే దళసరిగా ఉంటేనే గట్టి కత్తి అన్న మాట నిజం కాదు. అయిదు మిల్లీమీటర్ల వీపు (పదునుకి ఎదురుగా ఉండే మొద్దు అంచు) ఉన్న కత్తి చేతికి బరువుగా, కోతకి బద్ధకంగా ఉంటుంది.

కొనేముందు ఏం చూడాలి?

అలుగుని కంటికి ఎదురుగా పట్టుకుని పిడి వైపు నుంచి మొన దాకా ఒక చూపు చూడండి. వంకర ఉంటే వెంటనే తెలుస్తుంది. పదును రెండు వైపులా ఒకే ఏటవాలుగా దిగిందా, ఒకవైపు వెడల్పుగా ఇంకోవైపు సన్నగా ఉందా గమనించండి. ఇది కొద్దిగా తేడా ఉంటే మీరే సానరాయి మీద సరిచేసుకోవచ్చు, మరీ ఎక్కువుంటే వదిలేయండి.

తర్వాత పిడి. అలుగు నుంచి పిడిలోకి వెళ్లే ఇనప కాడ పిడి చివరి దాకా ఉండాలని అందరూ చెబుతారు, మంచిదే. కానీ మోరా కత్తుల్లో చాలావాటికి కాడ చివరి దాకా ఉండదు, అయినా అవి మామూలు పనికి విరిగిపోవు. ఎంత పొడుగుందన్నదాని కంటే ఎంత బిగువుగా ఉందన్నదే ముఖ్యం. పిడిని చేతిలో పట్టుకుని అలుగు వీపుని చెక్క మీద నెమ్మదిగా తట్టండి, గలగల శబ్దం వచ్చిందంటే లోపల వదులుగా ఉన్నట్టే. పిడిలో బోలు ఉండి అందులో గాలం, అగ్గిపుల్లలు, మూతకి దిక్సూచి పెట్టి అమ్మేవి ఉంటాయి చూశారా, వాటిని అసలు ముట్టుకోవద్దు. కాడ ఉండాల్సిన చోట గాలి ఉంది మరి.

ప్యాకెట్ మీద రాతలు. "స్టెయిన్‌లెస్ స్టీల్" అని మాత్రమే రాసి ఊరుకుంటే ఏమీ చెప్పనట్టే లెక్క, ఎందుకంటే క్రోమియం పదిన్నర శాతం దాటిన ఉక్కు ఏదైనా స్టెయిన్‌లెసే, భోజనం చేసే కంచం కూడా స్టెయిన్‌లెసే. ఉక్కు పేరు రాసుంటే కాస్త నమ్మకం. 420, 3సిఆర్13 లాంటివి మెత్తటి రకాలు, తుప్పు అంత తొందరగా పట్టదు గానీ పదును త్వరగా పోతుంది, అయితే పదును పెట్టడం మహా తేలిక. 12సి27 అని కనిపిస్తే మంచిది. డమాస్కస్ (పొరలు కలిపి కొట్టడం వల్ల అలల్లాంటి గీతలు తేలే ఉక్కు) అని చెప్పి మూడొందలకి అమ్మేదాని మీద కనిపించే గీతలు చాలాసార్లు ముద్ర వేసినవే.

ఇంటికొచ్చాక పరీక్ష

ఆన్‌లైన్లో కొన్నారంటే వాపసు గడువు ఉండగానే ఈ పని చేసేయండి. ఇనుముని అరగదీసే మంచి ఆకురాయి ఒకటి తీసుకుని, పిడికి దగ్గరగా పెద్దగా వాడని చోట, పదును అంచు మీద తేలిగ్గా ఒక్కసారి రుద్దండి. ఆకురాయి జారిపోతే ఉక్కు గట్టిపడింది. కరకరా కొరుక్కుపోతే మెత్తగా ఉంది. (గీత పడ్డాక వాపసు తీసుకోరేమో అని టెన్షన్ ఉంటే దీన్ని వదిలేసి తర్వాతది చేయండి.)

ఎండిన వెదురు ముక్క తీసుకుని కాసేపు చెక్కండి. తర్వాత పదునుని పైకి తిప్పి లైటు కింద చూడండి. బాగున్న అంచు మీద వెలుగు ఆగదు, అసలు కనపడదు. అక్కడక్కడా తళుక్కుమని చుక్కలో గీతలో కనిపిస్తే అంచు మడతపడిందనో, పెచ్చు లేచిందనో అర్థం. మడతపడితే ఉక్కు మెత్తన, పెచ్చులేస్తే మరీ పెళుసు. కొత్త కత్తి కొంతసేపటికి కొద్దిగా మొద్దుబారడం మామూలే, ఫ్యాక్టరీ పదును సరిగ్గా ఉండదు. ఒకసారి మీ చేత్తో సానపట్టి మళ్లీ చెక్కి చూశాకే దాన్ని తిట్టండి.

పదును: అసలు విలువంతా ఇక్కడే

మూడొందల కత్తికి ఇంకో రెండు వందలు పెట్టి సానరాయి కొనండి. ఒకవైపు గరుకు, ఇంకోవైపు నున్నగా ఉండేది చాలు. రాయిని తడపండి, కత్తిని ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీల వాలులో పెట్టి, రాయి మీద నుంచి పలచటి పొర కోస్తున్నట్టు పిడి దగ్గర నుంచి మొన దాకా జరుపుతూ పోండి. అలా ఒకే వైపు చేస్తూ ఉంటే అవతలి వైపు అంచు పొడుగునా సన్నటి గరుకు లేస్తుంది, గోటితో అడ్డంగా తడిమితే తగులుతుంది. అది అంచు మొత్తం వచ్చేదాకా వైపు మార్చకండి. చాలామంది చేసే తప్పు ఇక్కడే, నాలుగుసార్లు ఇటు నాలుగుసార్లు అటు అని తిప్పేస్తుంటారు. రెండో వైపు కూడా అలాగే చేసి, నున్నటి వైపు మీద ఒత్తిడి తగ్గించి ముగించి, పాత తోలు బెల్టు లోపలి వైపు మీద వెనక్కి లాగుతూ రుద్దితే ఆ గరుకు పోతుంది. పిక్నిక్‌లో రాయి లేకపోతే పింగాణీ కప్పు తిరగేసి, అడుగున మెరుపు లేని అంచు మీద రుద్దినా పనైపోతుంది.

కరెంటు చక్రం మీద సాన పట్టించేటప్పుడు మాత్రం దగ్గరుండి చూడండి. అంచు నీలం రంగు తిరిగిందంటే దాదాపు 300 డిగ్రీల వేడి తగిలి ఆ భాగం మెత్తబడిపోయినట్టే. మాటిమాటికీ నీళ్లలో ముంచమని చెప్పండి, విసుక్కున్నా సరే.

తుప్పు

కళింగపట్నం, భావనపాడు, బారువ వైపు ఉప్పుగాలికి కార్బన్ ఉక్కు రాత్రికి రాత్రే ఎర్రబడుతుంది. వాడగానే మంచినీళ్లతో కడిగి, గుడ్డతో పొడిగా తుడిచి, ఒక చుక్క కొబ్బరినూనె రాయండి. పచ్చి మామిడికాయ, నిమ్మకాయ కోస్తే అలుగు నల్లబడుతుంది, అది తుప్పు కాదు, దాన్ని అలా ఉంచితేనే మేలు. తోలు ఒరలో పెట్టి నెలల తరబడి వదిలేయకండి, తోలు తేమని పట్టుకుంటుంది. ఇంత ఓపిక లేకపోతే స్టెయిన్‌లెసే కొనుక్కోండి, అందులో నామోషీ ఏమీ లేదు.

తీసుకెళ్లేటప్పుడు

ఆయుధాల నిబంధనలు 2016 ప్రకారం అలుగు 9 అంగుళాల కంటే పొడవో 2 అంగుళాల కంటే వెడల్పో ఉన్న కత్తులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి, ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసినవి కాకపోతే. నాలుగంగుళాల కత్తి ఆ కొలతకి చాలా లోపలే ఉంటుంది. అయినా దాన్ని నడుముకి వేలాడేసుకుని బజార్లో తిరగాల్సిన పని లేదు, కూరగాయలూ గిన్నెలూ ఉన్న సంచిలోనే ఒరలో పెట్టి ఉంచండి, చెకింగ్‌లో అడిగితే వివరం చెప్పడం కూడా తేలిక. విశాఖలో విమానం ఎక్కుతుంటే మాత్రం చేతిసంచిలో వద్దు, లగేజీలో వేసేయండి.