పరంగి కొండ ఎక్కాలంటే

చెన్నైలో ఆటో ఎక్కి "థామస్ చర్చికి పోనివ్వండి" అని మాత్రం అనకండి. మా మరిది పిల్లలతో నెల్లూరు నుంచి వచ్చినప్పుడు అలాగే అన్నాడు. ఆటో అతను నేరుగా సముద్రం ఒడ్డున శాంథోమ్‌లో దింపేశాడు. "వదినా, ఇక్కడ కొండే లేదే!" అని ఫోన్. నేనేమో ఊరికి ఈ చివర కొండ కింద, ఇడ్లీ డబ్బా పట్టుకుని వాళ్ల కోసం చూస్తున్నాను. వాళ్లు వచ్చేసరికి ఎండ ఎక్కింది, పిల్లలు నీరసపడిపోయారు.

యేసు పన్నెండుమంది శిష్యుల్లో ఒకరైన పునీత తోమా (సెయింట్ థామస్) గారి పేరుతో ఈ ఊళ్లో మూడు చోట్లు ఉన్నాయి. ఆయన సమాధి మీద కట్టారని చెప్పే గుడి శాంథోమ్. ఆయన తలదాచుకున్నారని చెప్పే గుహ ఉన్నది సైదాపేట దగ్గర చిన్నమలై. ఆయన ప్రాణం విడిచారని నమ్మే కొండ గిండీ దాటాక వచ్చే సెయింట్ థామస్ మౌంట్. ఆటోవాళ్లకు "పరంగిమలై" అని చెప్పండి, చాలు. పరంగి అంటే ఫిరంగీలు, అంటే పోర్చుగీసు వాళ్లు. మా చిత్తూరు వైపు బొప్పాయిని పరంగి పండు అంటాం కదా, అదే పరంగి. నేను పెళ్లయి ఈ ఊరు వచ్చిన కొత్తలో లోకల్ ట్రైన్‌లో ఎవరో ఆ పేరు అంటే, బొప్పాయి తోటలున్న కొండ కాబోలు అనుకున్నాను.

సెంట్రల్‌లో దిగేవాళ్లకు లోకల్ ట్రైనే సుఖం. రోడ్డు దాటి పార్క్ స్టేషన్‌కు వెళ్లి తాంబరం వైపు వెళ్లే బండి ఎక్కండి. ఎగ్మోర్, కోడంబాక్కం, మాంబళం, సైదాపేట, గిండీ దాటగానే సెయింట్ థామస్ మౌంట్ వస్తుంది. మెట్రో అయితే గ్రీన్ లైన్‌లో చివరి స్టేషన్ అదే. విమానాశ్రయం నుంచి వచ్చేవాళ్లు ఆలందూరులో మారాలి. స్టేషన్ నుంచి కొండ కిందకు ఆటోలో వెళ్లిపోవచ్చు. నేను మాత్రం పొద్దున్నే చల్లగా ఉంటుంది కనుక నడుస్తాను.

ఇప్పుడు అసలు సంగతి. కొండ పైదాకా కారు వెళ్లే రోడ్డు ఉంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు మొహమాటపడకుండా ఆ రోడ్డున వెళ్లండి. మిగతావాళ్లు మాత్రం దయచేసి మెట్లెక్కండి. ఉత్తరం వైపు నాలుగు తోరణాల ద్వారం ఉంటుంది. దాని మీద సిలువ, 1547 అన్న సంవత్సరం కనిపిస్తాయి. అక్కడి నుంచి పైకి దాదాపు 160 మెట్లు. కొండ మొత్తం ఎత్తు 300 అడుగులే. విజయవాడలో గుణదల కొండ ఎక్కినవాళ్లకు ఇది పెద్ద లెక్క కాదు.

ఈ మెట్లు కట్టించినది ఆర్మేనియన్ వర్తకుడు, ఖోజా పెట్రస్ ఉస్కాన్. సైదాపేటలో అడయారు నది మీద 1726లో మర్మలాంగ్ వంతెన కట్టించింది కూడా ఈయనే. ఎక్కడో పుట్టి, ఇక్కడ సంపాదించి, కొండకు వచ్చే ముసలివాళ్ల కాళ్లకు సాయంగా రాళ్లు పరిపించాడు. ఎక్కిన ప్రతిసారీ ఆయన కోసం ఒక పరలోక జపం చెప్పుకుంటాను. మీకు ఆ అలవాటు లేకపోతే, వెళ్లేటప్పుడు పేరైనా గుర్తు చేసుకోండి.

మెట్ల పొడవునా, యేసు సిలువ మోసిన దారిని గుర్తుచేసే సిలువ మార్గం పద్నాలుగు స్థలాలు ఉంటాయి. ఒక్కో స్థలం దగ్గర ఒక్క నిమిషం ఆగితే ఆయాసం రాదు, ప్రార్థనా అవుతుంది. పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లేవాళ్లకు ఇంతకు మించిన ఉపాయం లేదు.

వేళ విషయంలో నేను తప్పు చేశాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను. మా అమ్మకు చెప్పుల్లేకుండా ఎక్కుతానని మొక్కు ఉండేది. మే నెలలో, పన్నెండు గంటల వేళ తీసుకెళ్లాను. నాలుగో స్థలం దగ్గరికి వచ్చేసరికి రాయి పెనంలా కాలుతోంది. అమ్మ ఏమీ అనదు, పెదవి బిగబట్టి ఎక్కుతూనే ఉంది. ఏడో స్థలం దగ్గర కళ్లు తిరిగి గోడకు ఆనుకుంది. సంచిలో నీళ్లు సగం సీసానే ఉన్నాయి. నాకు చేతులు వణికాయి. ఎవరో ఒక తమిళావిడ తన గొడుగు మా అమ్మ తల మీద పట్టి, మేం పైకి వెళ్లేదాకా మాతో వచ్చింది. అప్పటి నుంచి ఏడు లోపే కొండ కింద ఉంటాం. మనిషికో లీటరు నీళ్లు, ఒక తువ్వాలు, పెద్దవాళ్లుంటే ఒక గొడుగు. మొక్కు ఉన్నా సరే, ఎండ ముదిరితే చెప్పులేసుకోండి.

పైకి వెళ్లగానే అందరూ పిట్టగోడ దగ్గరికి పరుగెడతారు. ఊరంతా కనిపిస్తుంది, విమానాలు దిగడం కనిపిస్తుంది. పిల్లల్ని అక్కడి నుంచి కదిలించడం కష్టం. ఆ ముచ్చట చివరికి ఉంచుకోండి. ముందు గుడిలోకి వెళ్లండి. చెప్పులు బయట వదిలి, ఫోన్ సైలెంట్‌లో పెట్టి వెళ్లండి. లోపల ఫోటోలు వద్దు.

గుడి చిన్నది. 1523లో పోర్చుగీసు వాళ్లు నిరీక్షణ మాత (మరియమాత) పేర కట్టారు. బిడ్డ కోసం ఎదురుచూసే తల్లి అన్నమాట, అందుకే గర్భిణులు ఎక్కువగా కనిపిస్తారు. సువార్త రాసిన పునీత లూకా గారు వేశారని చెప్పే మరియమాత, బాలయేసు చిత్రం ఇక్కడే ఉంది. దాన్ని తోమా గారే తెచ్చారని పెద్దల మాట. బల్లెంతో పొడిచి ఆయన్ని చంపింది క్రీస్తు శకం 72లో అని సంప్రదాయం. ఆ చోటునే బలిపీఠం ఉందని నమ్మకం.

బలిపీఠం వెనక గోడలో ఉన్న రాతి సిలువను చూడకుండా రాకండి. చాలామంది ఒక దండం పెట్టి కదిలిపోతారు. అక్కడ ఐదు నిమిషాలు నిలబడండి, వెనక జనం ఉంటే పక్కకు జరిగి చూడండి. 1547లో ఇక్కడ కొత్త కట్టడానికి పునాదులు తవ్వుతుంటే దొరికిన రాయి అది. సిలువ నాలుగు కొనలూ మొగ్గల్లా విచ్చుకుంటాయి. కింద ఆకులు, రేకులు. పైన పావురం తల కిందకు పెట్టి దిగుతూ ఉంటుంది. రెండు పక్కలా స్తంభాలు, వాటి మీద మకరాలు, వాటి నోళ్ల నుంచి మొదలైన తోరణం. మన గుళ్లలో చూసే మకర తోరణం లాంటిదే, దాని కింద సిలువ! చుట్టూ చీమల బారులా సాగిన అక్షరాలు తమిళమూ కాదు, మరే మన భాషా కాదు, పహ్లవీ. అంటే మధ్యకాలపు పారశీకం. ఆ లిపిని బట్టి ఇది ఏడు, ఎనిమిది శతాబ్దాలదని పండితులు అంటారు. తోమా గారు స్వయంగా చెక్కారని భక్తుల నమ్మకం. ఎవరు చెక్కినా, పారశీకం రాసే చేయి ఈ తీరాన ఎవరి కోసమో చెక్కిన రాయి మీ ఎదురుగా ఉంది. నాకు అది చూసినప్పుడల్లా గొంతు పట్టేస్తుంది.

1558 డిసెంబర్ 18న పూజ జరుగుతుండగా ఆ సిలువ నుంచి రక్తం చెమటలా కారిందని చెబుతారు. 1704 దాకా అలా చాలాసార్లు జరిగిందట. అందుకే దాన్ని రక్తం చిందిన సిలువ అంటారు. ఏటా ఆ తేదీనే మాత పండుగ. మొదటిసారి వచ్చేవాళ్లు ఆ రోజూ, ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్కాలంలో శుక్రవారాలూ వద్దు. జనంలో సిలువ దగ్గర నిలబడే వీలు ఉండదు. మామూలు వారంలో మంగళవారమో బుధవారమో రండి.

బయటికి వచ్చాక ఇక పిల్లల్ని వదిలేయండి. లాంబ్టన్ అనే ఆంగ్లేయుడి విగ్రహం ఉంటుంది, చూపించండి. 1802 ఏప్రిల్ 10న ఆయన 100 అడుగుల ఉక్కు గొలుసుతో ఈ కొండ దగ్గర 12 కిలోమీటర్ల గీత కొలవడం మొదలుపెట్టాడు. దేశం మొత్తాన్ని త్రికోణాలుగా కొలిచిన సర్వేకు అదే తొలి గీత. ఎవరెస్టు ఎత్తు తేల్చింది ఆ సర్వేనే. మా మరిది కొడుకు ఇది విని, కొండ దిగేదాకా తన అడుగులతో మెట్లను కొలుస్తూ వచ్చాడు.

తొమ్మిదిన్నరకల్లా దిగేయండి. ఓపిక ఉంటే దారిలోనే చిన్నమలై చూసుకోండి, మెట్రోలో లిటిల్ మౌంట్ స్టేషన్. గుహలో వంగి నడవాలి, లావుగా ఉన్నవాళ్లు జాగ్రత్త. శాంథోమ్ మాత్రం ఆ రోజే పెట్టుకోకండి. మా అమ్మను మేం మరుసటి రోజు సాయంత్రం తీసుకెళ్తాం. సమాధి దగ్గర జపమాల పూర్తి చేసుకుని, తర్వాత సముద్రం గాలికి కాసేపు కూర్చుంటుంది.