ఇంగ్లండు చర్చిల్లో రాతి జ్ఞానస్నానపు తొట్టి: కాలం పోల్చడం ఎలా? 3వ పాఠం – ముందు అంచు, ఆఖరున శిల్పం

గత పాఠంలో జ్ఞానస్నానపు (బాప్తిస్మం ఇచ్చే) తొట్ల ఆకారాలు చూశాం. గుండ్రటి గోళెంలాంటిది 11, 12 శతాబ్దాలది. నడుమ లావుపాటి దిమ్మె, మూలకో సన్నటి స్తంభం ఉన్న చదరపు తొట్టి 12వ శతాబ్దం రెండో సగానిది. ఎనిమిది పలకలది 13వ శతాబ్దంలో మొదలై 15వ శతాబ్దానికి ఊరూరా కనిపిస్తుంది. ఈ లెక్క సుమారుకే. పాత గుండ్రటి తొట్టినే తర్వాతివాళ్లు అంచులు చెక్కి ఎనిమిది పలకలు చేసిన సందర్భాలున్నాయి. పాత చెక్కడం పలక మూల దగ్గర అర్ధాంతరంగా తెగిపోతే అదే జరిగిందనుకోండి.

కొత్తగా చూసేవాళ్లు నేరుగా శిల్పం దగ్గరికి వెళ్లి అక్కడే ఆగిపోతారు. శిల్పాన్ని 19వ శతాబ్దంలో మళ్లీ చెక్కి ఉండొచ్చు, లేదా మొత్తం తొట్టే అప్పటి నకలు కావచ్చు. నకలు చేసేవాడు బొమ్మల్ని దించుతాడు కానీ అంచుకు తగిలిన దెబ్బల్ని దించడు. అందుకే అంచుతో మొదలుపెట్టండి.

వెంట టార్చి, గుడ్డ టేపు, పెన్సిలు, కాగితం ఉంటే చాలు. స్టీలు టేపు రాయిని గీరేస్తుంది, వద్దు. మూత తీయాలంటే చర్చివాళ్లను అడగండి. సఫక్ జిల్లా అఫర్డ్‌లో ఉన్న చెక్క మూత ఎత్తు 18 అడుగులు. అలాంటివాటి జోలికి అసలే పోవద్దు.

కాగితం మీద ఒక వృత్తం గీసి, తూర్పు దిక్కును గడియారంలో 12గా పెట్టుకోండి. అంచు చుట్టూ తిరుగుతూ ప్రతి దెబ్బనూ ఆ గంట దగ్గర గుర్తు పెట్టండి. ఎదురెదురుగా, ఉదాహరణకు 3 దగ్గరా 9 దగ్గరా, రాయి ముక్క ఊడి ఉంటే అదే మీరు వెతికేది. 1236లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఎడ్మండ్ తొట్లకు తాళాలు వేసి ఉంచమని ఆదేశించాడు. మంత్రించిన నీళ్లు తొట్టిలోనే నిలవ ఉండేవి, వాటిని చేతబడికి ఎత్తుకుపోతారన్న భయం. అంచులో గుంట తీసి, ఇనుప కొండీ నిలబెట్టి, చుట్టూ సీసం పోసేవారు. కొండీల మీదుగా అడ్డగడియ, దానికి తాళం. ఇనుము తుప్పు పట్టి ఉబ్బితే రాయి పగులుతుంది. తర్వాతి రోజుల్లో కొండీని పెకిలించినా అంతే. ఆ చోట సిమెంటు పూతో, అతికిన రాతి ముక్కో, బూడిదరంగు సీసపు మచ్చో మిగులుతుంది. టార్చిని పైనుంచి కాకుండా అంచుకు సమాంతరంగా పట్టుకుంటే ఈ మాట్లు తేటగా కనిపిస్తాయి.

గుర్తులుంటే గిన్నె మధ్యయుగాలదని ధైర్యంగా చెప్పొచ్చు. లేకపోతే మాత్రం వెంటనే కొట్టిపారేయకండి. అంచును ఒక అంగుళం కోసేసి నునుపు చేసి ఉండొచ్చు. అలా చేసినచోట పై వరుస నగిషీ అంచుకు మరీ దగ్గరగా వచ్చేస్తుంది.

తర్వాత లోపల చూడండి. పసిబిడ్డను ముంచడానికి చేసిన గిన్నె కాబట్టి లోపలి వెడల్పు తరచూ 50–60 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. దాదాపు ఎప్పుడూ సీసపు రేకు పరిచి ఉంటుంది. అడుగున, మధ్యలో తూము ఉండాలి. పవిత్రజలం కాండం (గిన్నెను మోసే దిమ్మె) గుండా నేలలోకే ఇంకాలని ఆ ఏర్పాటు. అసలు తూమే లేకపోతే అది రోలో మరొకటో అయ్యుండొచ్చు. తూము అడుగున కాక పక్కన ఉంటే, ఆ గిన్నె కొంతకాలం పశువుల తొట్టిగా పనిచేసిందేమోనని అనుమానించండి. 1645లో పార్లమెంటు తెచ్చిన ఆరాధన విధానం పాత తొట్ల దగ్గర జ్ఞానస్నానం ఇవ్వొద్దంది. కొన్ని అలా పొలాల పాలయ్యాయి. 1660లో రాజరికం తిరిగొచ్చాక కొన్ని వెనక్కి వచ్చాయి, కొన్నిచోట్ల కొత్తవి చేయించారు.

గిన్నె, కాండం, పీఠం మూడింటికీ విడివిడిగా కాలం రాసుకోండి. మూడూ ఒకే వయసువి కావడం తక్కువ. రాయి రంగు, అతుకుల దగ్గర సున్నం, ఉలి గాట్లు పోల్చండి. 12వ శతాబ్దపు నున్న తలాల మీద గొడ్డలి వేటుల ఏటవాలు గీతలుంటాయి. పళ్లున్న ఉలి గాట్లు దువ్వెనతో గీసినట్టుంటాయి, అవి ఆ శతాబ్దం చివరి నుంచీ కనిపిస్తాయి. లండన్ చుట్టుపక్కల ఉండేవారికి ఎక్కువగా తగిలేది డోర్సెట్‌లోని పర్బెక్ రాయి: పలకకు రెండేసి లోతులేని కమాన్లు, రాతినిండా నత్తగుల్లలు. మార్బుల్ అంటారు గానీ సున్నపురాయే. బెల్జియం నుంచి వచ్చిన నల్లటి టూర్నే రాయీ అంతే. ఆ రాతి తొట్లు ఇంగ్లండులో ఏడే పూర్తిగా మిగిలాయి, వాటిలో వించెస్టర్ కతీడ్రల్‌ది పేరుమోసింది.

ఇప్పుడు శిల్పం. నార్ఫక్, సఫక్‌లలో 15వ శతాబ్దపు ‘ఏడు సంస్కారాల’ తొట్లు మంచి సాధన. ఏడు పలకల్లో ఏడు సంస్కారాలు (క్యాథలిక్ చర్చి పవిత్ర కర్మలు), ఎనిమిదోదానిలో సాధారణంగా క్రీస్తు జ్ఞానస్నానమో సిలువో. మతసంస్కరణ (ప్రొటెస్టెంట్ ఉద్యమం) కాలంలో చాలా తొట్ల మీద మొహాలను చెక్కి చెరిపేశారు కాబట్టి మొహాలు వదిలేసి సామాను చూడండి. మంచం కనిపిస్తే రోగికి అభ్యంగనం (పవిత్ర తైలం పూయడం). బల్లవైపు తిరిగి వీపు చూపే గురువు (ఫాదర్) ఉంటే పూజ (మాస్). కూర్చున్న గురువు ముందు ఒకరు మోకరిల్లితే పాపసంకీర్తనం (పాపాలు ఒప్పుకోవడం). చేతులు కలుపుకున్న జంట పెళ్లి. తొట్టిలోనే చిన్న తొట్టి చెక్కి ఉంటే జ్ఞానస్నానం. చిక్కంతా బిషప్ ఉన్న రెండు పలకలతోనే: ఎదుట చంటిపిల్లలుంటే భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), పెద్దవాళ్లుంటే గురుపట్టం (ఫాదర్‌గా నియమించడం). ఆ కాలంలో భద్రమైన అభ్యంగనం పసితనంలోనే ఇచ్చేవారు, అందుకే పిల్లలు చేతుల్లో ఉంటారు. నార్ఫక్‌లోని వాల్సోకెన్‌లో 1544 అని చెక్కిన తొట్టి ఉంది, ఈ రకంలో బాగా ఆలస్యపుది.

అభ్యాసం: మీకు దగ్గర్లోని ఒక తొట్టికి గడియార పటం గీసి, మూడు భాగాలకూ కాలం రాయండి, ప్రతిదానికీ కారణం ఒక్క వాక్యంలో. చూసే వీలు లేనివారు హియర్‌ఫర్డ్‌షైర్‌లోని ఎర్డిస్లీ తొట్టి ఫొటోలు తీసుకుని, పోట్లాడుకునే ఇద్దరు యోధుల బట్టల మడతలు, పైన అల్లికల నగిషీ ఒకే చేతి పనేనా అని చూడండి. 4వ పాఠం ఆ శిల్పుల గురించే.