అమెరికా ప్రెసిడెంట్ క్యాండిడేట్ తన వైస్ ప్రెసిడెంట్‌ను ఎట్ల ఎంచుకోవాలె, జర వివరంగ

మన నల్లగొండ, పాలమూరు దిక్కు ఏ ఊరికి పోయినా ఒకరిద్దరి పిల్లలన్న అమెరికాల ఉంటరు, అందుకే అక్కడ ఎలక్షన్ వచ్చిందంటె ఇక్కడ చాయ్ హోటల్ల కాడ మనోళ్లు చేసే విశ్లేషణ మామూలుగ ఉండదు. ఎవరు గెలుస్తరు అనే కాడ ఆగరు, పక్కన ఎవర్ని పెట్టుకుంటె బాగుండెనో కూడ చెప్తరు. అయితె అందుల సగం మన లెక్కలే, ఫలానా జిల్లా ఓట్లు, ఫలానా కులం ఓట్లు అని. అది కొంత నిజమే కని అసలు పని వేరే ఉన్నది. సరే, మీరే క్యాండిడేట్ అనుకోండ్రి, ప్రైమరీలు (పార్టీ లోపటి ఎన్నికలు) గెలిచిండ్రు, ఇంకో నెలల పార్టీ కన్వెన్షన్ (క్యాండిడేట్ పేరు ఖాయం చేసే మహాసభ) ఉన్నది. ఇగ ఏం చెయ్యాలె?

ముందుగాల ఆ కుర్సీ ఏందో తెల్సుకోవాలె. మన దగ్గర సర్పంచ్‌ను జనం ఎన్నుకుంటరు, ఉపసర్పంచ్‌ను గెలిచిన వార్డు మెంబర్లు ఎన్నుకుంటరు, 2018 తెలంగాణ పంచాయతీ చట్టంల చెక్కు మీద ఇద్దరి సంతకం పడాలని పెట్టిండ్రు, అందుకే ఉపసర్పంచ్ కాడ అంత లొల్లి అయితది. అక్కడ ఉల్టా. జనం వేసే ఓటు ఇద్దరికి కలిపి ఒక్కటే, పైనోన్కి ఒకటి కిందోన్కి ఒకటి వేసే ముచ్చటే లేదు, కని గెలిచినంక వైస్ ప్రెసిడెంట్‌కు చెక్కు లేదు సంతకం లేదు. రాజ్యాంగం ఇచ్చిన పని సెనేట్ల (మన రాజ్యసభ లెక్క పైసభల) పెద్దగ కూసునుడు, ఓట్లు సమానం అయితె తన ఓటు వేసుడు (కమలా హారిస్ నాలుగేండ్లల 33 సార్లు వేసింది, అదే రికార్డు), ఇగ ప్రెసిడెంట్‌కు ఏమన్న అయితె ఆ కుర్సీల కూసునుడు.

ఆ ఆఖరిది మాటవరసకు అనేది కాదు. ఇప్పటిదాంక తొమ్మిది మంది వైస్ ప్రెసిడెంట్లు మధ్యల ప్రెసిడెంట్ అయిండ్రు, ఎనిమిది సార్లు ప్రెసిడెంట్ చనిపోయి, ఒకసారి నిక్సన్ రాజీనామా చేసి. 1944ల ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ ఆరోగ్యం బాగలేదని పార్టీ పెద్దోళ్లకు తెల్సు, అందుకే ఉన్న వైస్ ప్రెసిడెంట్ వాలెస్‌ను తీసేయించి ట్రూమన్‌ను పెట్టించిండ్రు. ట్రూమన్ ప్రమాణం చేసిన 82 రోజులకే రూజ్‌వెల్ట్ పోయిండు. మరి యుద్ధం నడుస్తుంటె అణుబాంబు తయారైతున్న సంగతి ట్రూమన్‌కు పూర్తిగ చెప్పింది ఆయన ప్రెసిడెంట్ అయినంకనే! అందుకే లిస్ట్ రాసేటప్పుడు ప్రతి పేరు పక్కన మొదలు ఇదే రాసుకోండ్రి, రేపు పొద్దున్నే నేను లేకపోతె ఈ మనిషి నడిపిస్తడా అని. లేదు అనిపిస్తె ఎంత ఓట్లు తెచ్చేటోడైనా కొట్టేయండ్రి.

ఇంకోటి, మంత్రి అయితె నచ్చకుంటె తీసేస్తరు, వైస్ ప్రెసిడెంట్‌ను ప్రెసిడెంట్ తీసేయలేడు. జనం ఎన్నుకున్నోడు కదా. నాలుగేండ్లు ఉంటడు. 2016ల ట్రంప్ ఇండియానా గవర్నర్ మైక్ పెన్స్‌ను పెట్టుకున్నడు, చర్చికి గట్టిగ పోయే ఓటర్లకు భరోసా ఇస్తడని, ఆ పని బాగనే అయింది, కని 2021 జనవరి 6 నాడు ట్రంప్ ఓడిన ఎలక్షన్ ఓట్ల లెక్కకు పెన్స్ పెద్దగ కూసున్నడు, కొన్ని రాష్ట్రాల ఓట్లు పక్కకు పెట్టమని ట్రంప్ అడిగితె వినలే. ఎవరిది తప్పు ఎవరిది ఒప్పు అనేది మీమీ పార్టీని బట్టి మీరు చెప్పుకోండ్రి, నేను చెప్పేది ఒక్కటే, టికెట్ మీద ఎక్కినంక ఆ మనిషి మీ నౌకరు కాదు.

రూల్స్ చిన్నయే. 35 ఏండ్లు నిండాలె, 14 ఏండ్లు అమెరికాల ఉండాలె, పుట్టుకతోనే అక్కడి సిటిజన్ కావాలె. అంటె డల్లాస్‌ల ఉన్న మీ బామ్మర్ది ఎన్ని పరీక్షలు రాసి సిటిజన్ అయినా పనికిరాడు, అక్కడ పుట్టిన ఆయన బిడ్డ అయితె పనికొస్తది. ఇంకో మెలిక ఏందంటె, జనం ఓటుతోని ప్రతి రాష్ట్రం ఎలక్టర్లను ఎన్నుకుంటది, ప్రెసిడెంట్‌కు ఒకటి, వైస్ ప్రెసిడెంట్‌కు ఒకటి ఆఖరి ఓటేసేది వాళ్లే, ఒక రాష్ట్రం ఎలక్టర్లు ఆ రెండు ఓట్లు తమ రాష్ట్రపోళ్లకే వెయ్యొద్దు. 2000ల ప్రెసిడెంట్ క్యాండిడేట్ బుష్‌ది టెక్సాస్, ఆయన పక్కన నిలబడ్డ డిక్ చెనీ కూడ అప్పుడు టెక్సాస్‌లనే ఉంటుండె, ఓటు రిజిస్ట్రేషన్ జల్ది జల్ది వయోమింగ్‌కు మార్చుకున్నడు. బుష్‌కు వచ్చిన ఎలక్టర్ ఓట్లు 271, కావాల్సినయి 270, టెక్సాస్‌వి 32. మార్చకుంటె ఆ 32 చెనీకి పడక మెజారిటీ తప్పుతుండె. (అసలు ఆ చెనీని పెట్టింది వైస్ ప్రెసిడెంట్ కోసం మంచి మనిషిని వెతకమని, వెతికీ వెతికీ ఆఖరికి ఆయనే కూసున్నడు.)

ఇగ అందరు అడిగేది, సొంత రాష్ట్రం తెస్తడా? దీని మీద ఎక్కువ ఆశ పెట్టుకోకుండ్రి. 1960ల కెనడీకి లిండన్ జాన్సన్ టెక్సాస్‌ల పనికొచ్చిండు అంటరు, నిజమే, కని 2004ల ఎడ్వర్డ్స్ ఉన్నా నార్త్ కరోలైనా పోయింది, 2012ల పాల్ ర్యాన్ ఉన్నా విస్కాన్సిన్ పోయింది. మన కల్వకుర్తి 1989ల ఎన్టీఆర్‌నే ఓడగొట్టింది, ఇగ పక్కన నిలబడ్డోన్ని చూసి రాష్ట్రం మొత్తం కదులుతదా! 2024ల ట్రంప్ పక్కన నిలబడ్డ వాన్స్ భార్య ఉష తల్లిదండ్రులది ఆంధ్ర అని మనోళ్లు మస్తు ఖుషీ అయిండ్రు, ఖుషీ వరకు మంచిదే.

రాష్ట్రం కన్న మీకు ఏం తక్కువున్నదో అది చూసుకోవాలె. ఒబామా సెనేట్‌కు వచ్చి నాలుగేండ్లు గూడ కాలే, విదేశీ వ్యవహారాల్ల అనుభవం లేదని అంటుండ్రి, 1973 నుంచి సెనేట్‌ల ఉన్న బైడెన్‌ను తెచ్చుకున్నడు, ఆ మాట చల్లబడ్డది. అయితె ప్రతిసారి లోటు పూడ్చాలనే రూల్ కూడ లేదు, 1992ల క్లింటన్ అర్కన్సా, గోర్ పక్కనే టెనెసీ, ఇద్దరు దక్షిణాదోళ్లే, ఇద్దరు నలభైలల్ల ఉన్నోళ్లే, కొత్త తరం వచ్చిందని చూపించి గెలిచిండ్రు. మిమ్మల్ని తిట్టినోడైనా పర్వాలే. రేగన్ ఆర్థిక ప్లాన్‌ను మంత్రాల లెక్క అని ఎక్కిరించిన పెద్ద బుష్‌నే (2000ల గెలిచిన బుష్ నాయినను) రేగన్ 1980ల పక్కన పెట్టుకున్నడు.

ఇప్పుడు అసలు కష్టం, తవ్వుడు, దీన్నే అక్కడ వెట్టింగ్ అంటరు. లాయర్ల టీమ్‌ను పెట్టి ఒక్కొక్కల పాత ట్యాక్స్ కాగితాలు, అప్పులు, కోర్టు కేసులు, దవాఖాన రికార్డులు, ఎన్నడో ఇచ్చిన స్పీచ్‌లు, భార్య లేకపోతె భర్త చేసే వ్యాపారం, ఇంట్ల పనిమనిషికి ఇచ్చిన జీతం మీద ట్యాక్స్ కట్టిండ్రా లేదా, అన్ని తీయాలె. మొహమాటపడొద్దు. 1972ల డెమొక్రాట్ ప్రెసిడెంట్ క్యాండిడేట్ మెక్‌గవర్న్ కథ వింటె తెలుస్తది. అడిగినోళ్లల్ల చానమంది వద్దన్నరు, కన్వెన్షన్ల టైమ్ దగ్గర పడ్డది, ఆఖరికి మిస్సోరి సెనేటర్ ఈగిల్టన్‌కు ఫోన్ చేసిండ్రు. దాచిపెట్టినయి ఏమన్న ఉన్నయా అని టీమోళ్లు ఫోన్లనే అడిగితె లేవన్నడు, అయిపోయింది వెట్టింగ్! కొన్ని రోజులకే బయటపడ్డది, డిప్రెషన్‌తోని మూడుసార్లు దవాఖానల చేరిండు, షాక్ ట్రీట్‌మెంట్ కూడ ఇచ్చిండ్రు అని. మెక్‌గవర్న్ మొదలు వెయ్యి శాతం ఈయన వెనకాలనే ఉన్న అన్నడు, తర్వాత పక్కకు జరగమన్నడు, 18 రోజులల్ల ఈగిల్టన్ కథ ముగిసింది. ఆ జబ్బు వచ్చుడు ఆయన తప్పు కాదు, నన్నడిగితె మెక్‌గవర్న్ ఇజ్జత్ తీసింది ఆ వెయ్యి శాతం మాటనే. 1984ల వైస్ ప్రెసిడెంట్ క్యాండిడేట్ ఫెరారోకు భర్త ట్యాక్స్ కాగితాల కాడ చిక్కొచ్చింది, అందుకే ఇంటోళ్లను వదిలిపెట్టొద్దు.

కాగితాలు అయినంక ఆఖరి ఇద్దరు ముగ్గురిని ఎదురుంగ కూసోబెట్టుకొని మాట్లాడండ్రి, కెమెరాలు లేకుండ. మీకు నచ్చని మాట చెప్పగలుగుతడా, మీరు ఒకటి అంటె బయట ఇంకోటి అంటడా అనేది అక్కడనే తెలుస్తది. టీవీల గట్టి ప్రశ్నలు అడిగేటోళ్ల ముందు ఒకసారి రిహార్సల్ చేయించండ్రి, 2008ల మెకెయిన్ టీమ్‌కు ఆయన పక్కన పెట్టుకున్న సారా పేలిన్‌తోని మొదలు వారం జోషే జోష్, ఇంటర్వ్యూలు మొదలైనంక పరేషానే.

చెప్పే టైమ్ కూడ చూసుకోవాలె. కన్వెన్షన్‌కు కొన్ని రోజుల ముందు మామూలు, ట్రంప్ 2024ల కన్వెన్షన్ మొదటిరోజే వాన్స్ పేరు చెప్పిండు. మరీ ముందుగాల చెప్తె నవ్వులపాలు, 2016ల టెడ్ క్రూజ్ ఇంక నామినేషన్ రాకముందే ఏప్రిల్‌ల కార్లీ ఫియోరినా పేరు చెప్పిండు, వారం తిరగకముందే ఆయనే రేసుల నుంచి తప్పుకున్నడు.

పేరు బయటికి రాకముందే ఛాన్స్ రానోళ్లకు మీరే ఫోన్ చేయండ్రి, టీవీల చూసి తెల్సుకుంటె జన్మల మర్చిపోరు. వాళ్లతోని పని ఆరోజే పడ్తది. 2024 ఆగస్టు 6 నాడు హారిస్ పెన్సిల్వేనియా గవర్నర్ షపీరోను కాదని మిన్నెసోటా గవర్నర్ వాల్జ్‌ను తీసుకున్నది, అదే సాయంత్రం ఫిలడెల్ఫియా సభల ఆ షపీరోనే మైక్ పట్టుకొని ఇద్దరికి ఓటెయ్యమన్నడు.