కార్చిచ్చును చదవడం – 5వ పాఠం: పక్క మంట

ఈ వారం ఎదురు మంట పెట్టడం, అంటే వచ్చే మంటకు ఎదురుగా మనమే నిప్పు పెట్టి మధ్యలో గడ్డిని ముందే కాల్చేయడం గురించి చెబుతానన్నాను. దాన్ని వాయిదా వేస్తున్నాను. కిందటి అభ్యాసానికి మీరు పంపిన పటాలు చూశాక ముందుకు వెళ్లడానికి మనసొప్పలేదు.

అభ్యాసం ఇదీ. గాలి పడమర నుంచి వీస్తోంది. మంట ఎండు గడ్డిలో తూర్పుకు పోతోంది, నాలుగు గంటల్లో నాలుగు కిలోమీటర్లు పోయింది. దానికి దక్షిణం వైపు మీ బృందం ఫైర్ లైన్, అంటే మంట దాటకుండా గడ్డీ గాదం తీసేసిన నేల పట్టీ, తీస్తోంది. మనుషులు ఎక్కడ ఉండాలో, ఏ దారిన తప్పించుకోవాలో గీయమన్నాను. మంట తలకు, అంటే ముందుకు పోయే కొసకు, ఎదురుగా ఎవరూ ఎవర్నీ నిలబెట్టలేదు, సంతోషం. కానీ దాదాపు అందరూ మంటకు రెండు వందల మీటర్ల దక్షిణాన, కాలని గడ్డి మధ్యలో మనుషుల్ని పెట్టి పక్కన ‘సేఫ్’ అని రాశారు. ఒకరు అక్కడే జీపు ఆపి, మంచినీళ్ల క్యాన్ బొమ్మ కూడా వేశారు. బొమ్మ చక్కగా ఉంది. ఆ జీపు దగ్గరున్న వాళ్లలో ఒక్కరూ ఇంటికి రారు.

పొగ, వడదెబ్బ, కాలిన మాను విరిగి మీద పడడం గురించి ఇక్కడ చెప్పను. అవి చిన్న ప్రమాదాలని కాదు, చెప్పకపోయినా మీకు తెలుసు కాబట్టి. తల వెనక అటూ ఇటూ ఉండే అంచులు మంటకు పక్కలు, మంట మొదలైన వైపు కొస తోక. మర్చిపోయిన వాళ్లు రెండో పాఠం మళ్లీ చూసుకోండి.

ఇప్పుడు మీ పటం ముందు పెట్టుకోండి. మంట ఆకారం సన్నగా, పొడుగ్గా ఉంది. తూర్పు కొస దాని తల. అక్కడ మంట ఎత్తుగా లేస్తుంది, భయపెడుతుంది, కాబట్టి అందరూ దానికి దూరంగా ఉంటారు. దక్షిణం పక్క అలా కాదు. అక్కడ మంట మోకాలెత్తు ఉంటుంది, నింపాదిగా కదులుతుంది, పచ్చి కొమ్మలతో కొడితే ఆరుతుంది. ఆ పక్క పొడవు నాలుగు కిలోమీటర్లు.

గాలి ఉత్తరం నుంచి వీయడం మొదలుపెట్టిందనుకోండి. మంట మళ్లీ కొత్తగా అంటుకోనక్కర్లేదు, ఒక చోటి నుంచి ఇంకో చోటికి రానక్కర్లేదు. ఆ నాలుగు కిలోమీటర్ల పక్క ఉన్నది ఉన్నట్టుగా తల అయిపోతుంది. ఇందాకటిదాకా సన్నగా ఉన్న తల వెడల్పు ఇప్పుడు నాలుగు కిలోమీటర్లు. లెక్క వేద్దాం. ఎండిపోయిన గడ్డిలో గట్టి గాలికి గంటకు ఆరు కిలోమీటర్లు అంటే పెద్ద వేగమేమీ కాదు, అంతకు రెండు మూడింతలు కూడా పోతుంది. ఆరే అనుకున్నా నిమిషానికి వంద మీటర్లు. మీరున్నది రెండు వందల మీటర్ల దూరంలో. రెండు నిమిషాలు. అందులో గాలి మారిందని గుర్తుపట్టడానికి కొంత, పక్కవాణ్ని కేకెయ్యడానికి కొంత, పార కింద పడేయాలా వద్దా అన్న ఆలోచనకు కొంత పోతుంది. పక్కకు పరిగెత్తి తప్పించుకుందామంటే అటూ ఇటూ కిలోమీటర్ల కొద్దీ మంటే.

ఆస్ట్రేలియా వాళ్లు మంటకూ మనిషికీ మధ్య మిగిలిన ఆ కాలని నేల మీద ప్రత్యేకంగా పరిశోధన చేశారు. దానికి కారణాలున్నాయి. విక్టోరియా రాష్ట్రంలో లింటన్ దగ్గర 1998 డిసెంబరు 2న గాలి మారినప్పుడు పక్క మంట తిరగబడి, ఒకే ట్యాంకర్ బండిలో ఉన్న ఐదుగురు వాలంటీర్లు చనిపోయారు. అక్కడ వేసవిలో వాయవ్యం నుంచి వీచే వేడి గాలి, చల్లటి గాలి రాగానే నైరుతికి తిరుగుతుంది. అంటే ఆగ్నేయానికి పోతున్న మంటకు ఈశాన్యం పక్క తల అవుతుంది. 2009 ఫిబ్రవరి 7న అదే రాష్ట్రంలో 173 మంది ప్రాణాలు పోయిన రోజు కూడా సాయంత్రం గాలి ఇలాగే తిరిగింది. ఉత్తరార్ధగోళంలో దిక్కులు వేరు. అమెరికాలో సాధారణంగా నైరుతి గాలి వాయవ్యానికి తిరుగుతుంది, అప్పుడు ఆగ్నేయం పక్క తల అవుతుంది. ఇది బట్టీ పట్టకండి, పటం తిప్పి చూసుకోండి.

‘మరి పక్కన పని చెయ్యొద్దా?’ అని మీరు అడుగుతారు. చెయ్యాలి, పని జరిగేదే అక్కడ. తోక దగ్గర మొదలుపెట్టి, కాలిన నేలను ఆనుకుని, పక్క వెంట ముందుకు పోవాలి. మీకూ మంటకూ మధ్య గడ్డి మిగలకూడదు. గాలి తిరిగితే నాలుగడుగులు లోపలికి వేసి మసిలో నిలబడతారు. పూర్తిగా కాలిందా అన్నది మాత్రం చూసుకోవాలి. కింద గడ్డి కాలి పైన ఆకులు పచ్చగా మిగిలి ఉంటే ఆ చోటు రెండోసారి అంటుకోవచ్చు.

అరిజోనాలో యార్నెల్ హిల్ దగ్గర 2013 జూన్ 30న జరిగింది చూడండి. పిడుగు పడి రెండు రోజుల ముందు మొదలైన మంట అది. కార్చిచ్చులు ఆర్పే గ్రానైట్ మౌంటెన్ హాట్‌షాట్స్ బృందం, బాగా శిక్షణ పొందిన మనుషులు, మధ్యాహ్నం దాకా కాలిన నేల మీదే ఉన్నారు. మంట వాళ్లకు దూరంగా పోతోంది. దగ్గర్లోని ఉరుముల మేఘం నుంచి కిందికి దిగిన గాలి దాన్ని వెనక్కి తిప్పింది. అదే సమయంలో బృందం కాలిన నేల వదిలి, 45 ఏళ్లుగా కాలని పొదల మధ్య నుంచి ఒక రాంచ్ (పశువుల క్షేత్రం) వైపు దిగుతోంది. లోయలోకి దిగాక గుట్ట అడ్డమై వాళ్లకు మంట కనిపించలేదు. 19 మంది పోయారు. వేరే చోట కాపలాగా ఉన్న ఒక్కరు బతికారు.

కొందరు ‘ఫైర్ షెల్టర్ ఉంటుంది కదా సార్’ అని రాశారు. యార్నెల్‌లో అందరి దగ్గరా ఉంది. ఆ అల్యూమినియం గుడారం దూరం నుంచి వచ్చే సెగను తిప్పికొడుతుంది. మంటే నేరుగా తాకితే ఎక్కువసేపు ఆగదు. పటంలో షెల్టర్‌ను ‘తప్పించుకునే దారి’ కింద రాసిన వాళ్లకు మార్కులు లేవు.

మేఘం నుంచి దిగే ఆ గాలి మనకు కొత్తదేం కాదు. మే నెల సాయంత్రం క్యుములోనింబస్ అనే ఉరుముల మేఘం కట్టి, చినుకు పడకముందే మేడ మీది వడియాలు ఎగరగొట్టే ఈదురుగాలి అదే. దానికి దిక్కు నియమం లేదు, మేఘం చుట్టూ అన్ని వైపులకూ కొడుతుంది. మబ్బు కనిపిస్తే వాన వచ్చి మంట ఆరుతుందని సంబరపడేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ముందు వచ్చేది గాలి. ఒక్కోసారి వాన అసలు రాదు.

ఫోన్ యాప్ చూపించే గాలి మీద నాకు నమ్మకం లేదు. అది ఆ లోయ గాలి కాదు. గుప్పెడు పొడి మట్టి వదిలి చూస్తాను, పావుగంటకోసారి. హఠాత్తుగా గాలి ఆగిపోతే ఇంకా జాగ్రత్త.

రెండో తప్పు త్వరగా చెప్పేస్తాను. దగ్గర దారి అని చాలామంది గుట్ట పైకి గీత గీశారు. వాలు పది డిగ్రీలు పెరిగితే పైకి పాకే మంట వేగం సుమారు రెట్టింపు, ఇరవైకి నాలుగింతలు. మనిషి వేగం మాత్రం తగ్గుతుంది. మాంటానాలోని మాన్ గల్చ్‌లో 1949లో 13 మంది, కొలరాడోలోని స్టార్మ్ కింగ్ కొండ మీద 1994లో 14 మంది పోయింది ఇలాంటి ఎక్కుడు మీదే. మన దేశంలో 2024 జూన్‌లో ఉత్తరాఖండ్ బిన్సర్‌లో మంట ఆర్పడానికి జీపులో వెళ్లిన అటవీ సిబ్బందిని గాలికి లేచిన మంట చుట్టేసింది. నలుగురు అక్కడికక్కడే చనిపోయారు.

అభ్యాసం. అదే పటాన్ని నాలుగు కాగితాల మీద గీయండి, ఒక్కో దాంట్లో గాలి ఒక్కో దిక్కు నుంచి. నాలుగింటిలోనూ పనికొచ్చే నిలబడే చోటు ఒక్కటే ఎంచుకోవాలి. తర్వాత ఉదయం పూట మీ దగ్గర్లోని గుట్ట ఒకటి వంద మీటర్లు ఎక్కి, ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. వీపున ఐదు కిలోల సంచి ఉండాలి. మోకాళ్లు, గుండె ఇబ్బంది ఉన్నవాళ్లు బరువు వద్దు, మెల్లగా ఎక్కి ఆ సమయమే రాయండి. అమెరికాలో కార్చిచ్చు ఆర్పే ఉద్యోగానికి 20 కిలోలతో 4.8 కిలోమీటర్లు 45 నిమిషాల్లో నడవాలి, అదీ చదును నేల మీద. మీ ఎక్కుడు సమయాన్ని పటంలోని దారికి అన్వయించి, మంట సమయం దాని పక్కనే వేసి పంపండి. సమయాలు లేని పటాలు నేను తెరవను.